దక్షిణం గోడ

"దక్షిణానికి ఇంత పెద్ద అద్దాల గోడ ఏంది ఉదయ్? దాన్ని బందు చెయ్యి. తెరిస్తే ఉత్తరం దిక్కు తెరువు."

శ్రీపతి గారు ఎప్పుడొచ్చినా ముందు నక్షా మూలనున్న బాణం వెతుక్కుంటారు. ఉత్తరం ఎటో తేలాకే గోడలు చూస్తారు. చూసి ఈ మాటే అంటారు.

మే నెల. చిక్కడపల్లిలో మిఠాయి దుకాణం మీద గది. కింద బూందీ వేగుతోంది, పైన ఆర్కిటెక్టు ఉదయ్ కుమార్ వేగుతున్నాడు. గీస్తున్నది మాత్రం లడఖ్ మంచుకొండల్లో ఒక బడి.

ఆ ఊరికి కరెంటు లేదు. మంచు పడితే దారి మూసుకుపోయి కిరోసిన్ కూడా అందదు. పోయిన చలికాలం పొయ్యి ఆరిపోయి పిల్లలు బడి మానేశారు. అందుకే ఉదయ్ ఎండను నమ్ముకున్నాడు. చలికాలం సూర్యుడు దక్షిణానికే వాలి ఉంటాడు. కాబట్టి దక్షిణాన నిలువెత్తు అద్దాలు, వాటి వెనక లావుపాటి మట్టిగోడ. పగలు తాగిన ఎండను ఆ గోడ రాత్రి పిల్లలకు పంచుతుంది. ఉత్తరాన కిటికీ పెట్టామా, ఆ వెచ్చదనమంతా మంచుగాలి పాలే.

డబ్బు పెట్టేది శ్రీపతి గారు. మంచి మనిషే. కాకపోతే వాస్తు చూడనిదే పెరట్లో కొళాయి కూడా బిగించనివ్వరు.

"సార్, అక్కడ ఉత్తరం నుంచి ఎండ రాదు..."

"పిల్లలుండే జాగ. దక్షిణం తెరిస్తే నాకు పాపం తగుల్తది. రేపు సిద్ధాంతి గారిని పిలుచుకొస్త. ఆయన సరే అంటేనే సామాను లారీ ఎక్కుతది."

లారీ ఇప్పుడు కదలకపోతే ఇంకో చలికాలం పోయినట్టే. చెప్పీ చెప్పీ ఉదయ్‌కు విసుగొచ్చింది. వాదించే ఓపిక లేదు.

ఆయన వెళ్లాక బ్లేడు తీసుకున్నాడు. ట్రేసింగ్ కాగితం మీది ఇంకు గీకి, మళ్లీ గీశాడు. ఇంత చదువూ చదివింది ఇందుకా అని తన మీద తనకే రోత పుట్టింది. నారాయణగూడ వెళ్లి ప్రింటు తీయించుకొచ్చాడు.

మర్నాడు కృష్ణయ్య సిద్ధాంతి నల్లకుంట నుంచి వచ్చారు. పొద్దుటి నుంచి ఇళ్లు చూసీ చూసీ వాడిపోయిన ముఖం. కళ్లజోడు తుడుచుకుని నక్షాను చాలాసేపు చూశారు.

"చలి బాగుంటదా అక్కడ?"

"నీళ్లు గడ్డకడతయి అయ్యగారూ."

"పిల్లలు?"

"చిన్నచిన్నోళ్లు."

సిద్ధాంతి నిట్టూర్చారు. "శ్రీపతీ, దక్షిణం బందున్నది. ఉత్తరమంతా అద్దాలే. దివ్యంగ ఉన్నది. పంపియ్యి."

శ్రీపతి గారు నక్షాను కళ్లకద్దుకుని సంతకం పెట్టారు. మిఠాయి కట్టించడానికి గబగబా కిందికి దిగారు. ఉదయ్ తల దించుకునే నిలబడ్డాడు.

సిద్ధాంతి మెట్ల దగ్గర ఆగి, అతని భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అన్నారు.

"సైటుకు పంపే కాగితంల మాత్రం, నువ్వు తలకిందులు చేసిన ఆ ఉత్తరం బాణాన్ని మళ్ల సీదా చెయ్యి నాయనా."