పదిహేడు ముఖాలు

గురువారం ఆఫీసు తలుపు తీసేసరికి హవాగుల్ మళ్లీ వచ్చి మెట్లమీద కూర్చుని ఉంది.

"లోపలికి రా పెద్దమ్మా" అన్నాడు ఇస్మత్.

గ్రీసు దీవి లెస్బోస్‌లో, రేవు పక్కన శరణార్థుల సహాయ సంస్థలో అతను ఫోటోగ్రాఫర్. పదేళ్ల కింద తనూ కాబూల్ నుంచి బయల్దేరి, పడవలో ఈ ఒడ్డు చేరినవాడే. శిబిరంలో పెళ్లిళ్లూ రొట్టెల వరుసలూ తీసేవాడికి, ఈ చలికాలం పడవ మునిగాక వేరే పని పడింది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన పదిహేడు శవాలకి ఫోటోలు తీశాడు, అయినవాళ్లు గుర్తుపట్టడానికి.

అప్పట్నుంచీ కెమెరాకు కన్ను ఆనిస్తే, ఎదుట నవ్వుతున్నవాళ్లు కూడా కళ్లు మూసుకున్నట్టే కనబడుతున్నారు.

హవాగుల్ అదే పడవలోంచి కట్టుబట్టలతో బతికి బయటపడింది. కొడుకు సఖీదాద్ జాడ తెలియలేదు.

ఆ ఫోటోల ఆల్బమ్ ముందు పెడితే ఆమె ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పింది.

"వీళ్లకి తలలు ఎవరు దువ్వారు?"

"నేనే. ఉప్పునీళ్లకి అట్టలు కట్టి ఉంటే చూడలేకపోయాను."

"చల్లగా ఉండు నాయనా." ఆల్బమ్ మూసింది. "లేడు."

"అయితే ఎక్కడో బతికే ఉంటాడు పెద్దమ్మా."

ఆమె తలమీది గుడ్డ సర్దుకుని లేచింది.

ఆమె మొదటిసారి వచ్చినరోజు, ఆల్బమ్ ఆమె చేతికి అందకముందే ఖాదిమ్ అనే అతను అందులో తమ్ముణ్ణి గుర్తుపట్టాడు. ఒక్క కాపీ ఇమ్మని కాళ్లావేళ్లా పడ్డాడు.

"రూలు ఒప్పుకోదన్నా. గుర్తుపట్టిన ఫోటో పోలీసు ఫైల్లోకి పోవాలి" అంటూ ఇస్మత్ ఆ పేజీ ఊడదీశాడు. మూల బల్లమీంచి హవాగుల్ చూస్తూనే ఉంది.

వారం వారం ఆమె వచ్చింది. వారం వారం అదే మాట, "లేడు."

పన్నెండో గురువారం ఇస్మత్ తట్టుకోలేకపోయాడు.

"ఇక రావద్దు పెద్దమ్మా. మీవాడు ఇందులో లేడు. ఇన్నిసార్లు ఈ ముఖాలు చూస్తే మనిషి ఏమైపోతుంది? నన్ను చూడు, కంటినిండా నిద్రపోయి మూణ్ణెల్లయింది. ఇవాళ్టితో దీన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తాను."

చెయ్యి చాపాడు. ఆమె ఆల్బమ్ వదల్లేదు. మధ్యలో ఒక పేజీ తెరిచింది. బూడిదరంగు స్వెట్టర్ వేసుకున్న కుర్రాడు.

"మొదటిరోజే చూశాను వీణ్ణి; అవునంటే ఈ పేజీ కూడా ఊడదీసుకుపోతావు, నా బిడ్డ ఫోటో నాకు ఇంకెక్కడా లేదు నాయనా."