ముడిలో చామంతి

ఆ కాలంలో మనిషి ఏ పని చేసినా, ఎందుకు చేశాడో మణికట్టు మీది బిళ్ళ నెత్తురు చదివి చెప్పేసేది. గోదావరి లంకలో చామంతి తోట వేసుకున్న సూరన్నకీ, భార్య మంగాయికీ కూడా బిళ్ళలున్నాయి.

నలభై ఏళ్ళుగా, పూలబుట్టలు రేవుకి పోకముందే ఒక పువ్వు తీసి మంగాయి ముడిలో తురమడం సూరన్న ఆనవాయితీ. బిళ్ళలు కట్టించుకున్నాక తొలి ఉదయం తురుముతుంటే అతని బిళ్ళ, "ఒంటరైపోతానన్న భయం" అంది.

మంగాయి మొహం చిన్నబోయింది. "భయమా? ఇన్నాళ్ళూ మోజనుకున్నానయ్యా."

సూరన్న బుట్టలెత్తుకుని రేవుకి పోయాడు. మర్నాటి నుంచి పువ్వు పెట్టడం మానేశాడు. బిళ్ళలు మాత్రం ఆకలి, అలవాటు, నిద్ర అని గొణుగుతూనే ఉన్నాయి. తోట మొత్తం నీళ్ళ మీద తేలి, మెల్లగా ఎటో పోతున్నట్టు అనిపించేది అతనికి.

ఐదో పొద్దున మంచులో గాజుల చప్పుడైంది. మంగాయి ఒక పువ్వు కోసి అతని చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి నిలబడింది. ఆమె బిళ్ళ, "ఒంటరైపోతానన్న భయం" అంది.

"నీకూనా?" అన్నాడు సూరన్న.

"నాకుండదేంటి? ఇవాళైనా తిన్నగా పెట్టు. నలభై ఏళ్ళుగా వంకరే."