నీడ జరిగినప్పుడల్లా

నీడ జరిగినప్పుడల్లా డిసేబో లేచి బండిని జరుపుతోంది.

కూర్చోవడం, కన్ను మూతపడటం, మళ్ళీ ఉలిక్కిపడి లేవడం. పొద్దున్నుంచీ ఇదే పని. బండిలో పాప నిద్రపోతోంది. పైన గొడుగులాంటి కప్పు, దానిమీద తడిపిన పల్చటి గుడ్డ, ముందు దోమతెర. గాలాడేందుకు ఒకవైపు మాత్రం తెరిచి ఉంచింది. మధ్యమధ్యలో చెయ్యి లోపలికి పోనిచ్చి పాప మెడ వెనక తడిమి చూస్తోంది, చెమట పట్టిందేమోనని. తేనెటీగ ఒకటి తెర చుట్టూ తిరిగితే, అది వెళ్ళిపోయేదాకా కండువా విసురుతూనే ఉంది.

జొహానెస్‌బర్గ్‌లో డబ్బున్నవాళ్ళ పేట అది. ఆ పార్కులో మధ్యాహ్నం పూట కనిపించేది నల్లవాళ్ళైన ఆయాలే. తెల్ల దొరసానుల పిల్లల్ని బండ్లలో తోసుకొచ్చి, చెట్ల కింద ఆపి, గడ్డిమీద కాళ్ళు చాపుకుంటారు. డిసేబో ఈమధ్యే రావడం మొదలుపెట్టింది. వంతెన అవతలనుంచి నడిచి వస్తుంది. ఎక్కువ మాట్లాడదు.

ఆయాల్లో పెద్దది మాగుమేడే. రెండు తరాల దొరల పిల్లల్ని పెంచింది. తన పిల్లలు మాత్రం ఎక్కడో నాటాల్‌లో అమ్మమ్మ దగ్గర పెరిగారు. డిసేబో వచ్చిన మొదటిరోజే తెర సందులోంచి పాలలాంటి చిన్న చెయ్యి చూసి, ఏ ఇంట్లో పని అని అడిగింది. డిసేబో నవ్వీ నవ్వనట్టు నవ్వి ఊరుకుంది. దాంతో, ఆ ఇంటి దొరసాని మహా గయ్యాళి అనీ, పనివాళ్ళని నోరు విప్పనివ్వదనీ ఆయాలందరూ తీర్మానించేశారు.

"ఏమే, కాస్త ఎండ తగిలితే మీ చిన్న దొరసాని కరిగిపోతుందా?" అంది మాగుమేడే, నూనెలో వేయించిన పిండిముద్ద తుంచి ఆమె చేతిలో పెడుతూ.

"పాపకి ఎండ పడదు పెద్దమ్మా. బొబ్బలెక్కుతాయి."

"తెల్లపిల్లలందరికీ అంతే. అయినా ఇంత చాకిరీ మేమెవ్వరం చెయ్యం. అద్దంలో మొహం చూసుకున్నావా? పీక్కుపోయింది."

నీడ మళ్ళీ జరిగింది. డిసేబో లేచింది.

ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. ఆ ఊళ్ళో వేసవి వాన కబురు పెట్టి రాదు. ఆయాలు బండ్లు తోసుకుంటూ తోటమాలి రేకుల షెడ్డులోకి పరుగెత్తారు. డిసేబో బండి చక్రం చెట్టు వేరులో ఇరుక్కుంది. లాగింది. రాలేదు. అంతలో రేగుపళ్ళంతేసి వడగళ్ళు మొదలయ్యాయి. ఆమె బండిమీద బోర్లా వంగి, రెండు చేతులూ చాచి కప్పుని పొదివి పట్టుకుంది. వాన వెలిసేదాకా అలాగే ఉండిపోయింది.

మాగుమేడే పరుగున వచ్చేసరికి డిసేబో భుజాలు కమిలిపోయి ఉన్నాయి. చెవి పక్కనుంచి నెత్తురు కారుతోంది. పాపకి మాత్రం చిన్న దెబ్బ కూడా తగల్లేదు. గుక్కపట్టి ఏడుస్తోంది.

మాగుమేడేకి దుఃఖమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. తన శాలువా తీసి ఆమెకి కప్పింది. ఆ ఇల్లు రేపే మానెయ్యమంది. తాను మంచి ఇల్లు చూసిపెడతానంది. పరాయి పిల్లల్ని ఎంత సాకినా పెద్దయ్యాక వాళ్ళకి మన పేరు కూడా గుర్తుండదంది.

"ఎవరో కన్న బిడ్డ కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? ఏదీ, ఫోన్ ఇలా ఇయ్యి. మీ దొరసానికి నేనే చెప్తాను, వచ్చి తీసుకెళ్ళమని."

డిసేబో చిరిగిన తెర పక్కకి తీసింది. పాపని ఎత్తుకుని, చెట్టు మొదట్లో తడి మట్టిలోనే కూలబడింది. ఇక లేచే ఓపిక లేనట్టు, నెమ్మదిగా అంది:

"దొరసానీ లేదు, ఎవరూ లేరు పెద్దమ్మా, ఒంటికి రంగు లేకుండా పుట్టిన ఈ పిల్లని కన్నది నేనే."