మైకు పాడవలేదు

“మైకు మార్చెయ్యండి. మా అమ్మాయి క్లాసులో ఎంత గొంతు చించుకున్నా ఎవరికీ వినపడట్లేదట,” అంటూ ఆమె ల్యాప్‌టాప్‌ని కౌంటర్ మీద పెట్టింది.

మెకానిక్ దాన్ని విప్పలేదు.

“పార్టు మార్చే ముందు ఫర్మ్‌వేర్, అదే లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేసి చూద్దామక్కా. ఈ మోడల్‌కి నిరుటి నుంచీ ఉన్న జబ్బే. మైకు పనిచేస్తున్నట్టే చూపిస్తుంది, మాట మాత్రం అవతలికి పోదు.”

“నిరుటి నుంచా?”

స్క్రీన్ మీద అప్‌డేట్ గీత మెల్లగా నిండుతోంది. ఆమె దాన్నే చూస్తూ అంది:

“మా చెల్లికీ నాకూ మూడేళ్లు మాటల్లేవు. పోయిన వేసవిలో నేనే తగ్గి, దీంట్లోనే వీడియో కాల్ చేశాను. ‘వినపడట్లేదక్కా, వినపడట్లేదక్కా’ అంటూనే ఉంది. నటిస్తోందనుకుని టపీమని మూత వేసేశాను. మళ్లీ మొన్న, అమ్మాయి క్లాసుల కోసమే తెరిచాం.”

గీత నిండింది.

“అయిపోయిందక్కా. మైకు బంగారంలా ఉంది. ఇప్పుడు చెయ్యండి మీ చెల్లికి.”

“ఆ నెలలోనే పోయింది.”

మెకానిక్ ల్యాప్‌టాప్‌ని తనవైపు తిప్పుకున్నాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

“టెస్టుకి ఏదో ఒకటి అనండక్కా.”

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు.

అతను తల దించుకున్నాడు.

“మీ ఊపిరి కూడా వినపడుతోందక్కా.”