టికెట్టయ్యగారు

"మీ కాళ్ళు పట్టుకుంటాను అయ్యగారూ, లోపలికి మాత్రం రావద్దు!"

బస్సు డ్రైవరు భార్య వార్డు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఎదురుగా ముసలి పాస్టరు, చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో గోడ పట్టుకుని ఉన్నాడు.

"ఐదు నిమిషాలమ్మా. మీ ఇద్దరితో..."

"వద్దండీ. రేపు పొద్దున ఆయనకి ఆపరేషన్. అది కానివ్వండి, తర్వాత రోజూ రండి, కుర్చీ వేసి కూర్చోబెడతాను."

ఆమె దేవుణ్ణి నమ్మని మనిషేం కాదు. భర్త గుండె కవాటం పాడైందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ స్టూలు మీద కూర్చుని ప్రార్థిస్తూనే ఉంది. పక్క మంచాలవాళ్ళు కూడా "మా గురించీ ఓ మాట చెప్పమ్మా" అని అడుగుతుంటారు. కానీ ఈ అయ్యగారంటేనే ఆమెకి వణుకు. కిటికీ పక్క మంచం తాతకి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు, తెల్లారేసరికి ఆ మంచం మీద దుప్పటి మార్చారు. నిన్న మూల మంచం టీచరమ్మకీ అంతే అయింది. ఆయన వచ్చి వెళ్తే ఆ మంచానికి టికెట్టు కొట్టినట్టేనట. అందుకే వార్డంతా ఆయన్ని టికెట్టయ్యగారు అంటుంది. ఆయన చెప్పుల చప్పుడు వినపడితే చాలు, లేచి కూర్చున్నవాళ్ళు కూడా ముసుగు తన్ని పడుకుంటారు.

"ఎవరే అక్కడ?" లోపల్నుంచి డ్రైవరు గొంతు.

"ఎవరూ లేరండీ! మందుల షాపతను."

పాస్టరు ఆమె వంక చూశాడు. అబద్ధమాడింది, అదీ అయ్యగారి ఎదుటే. సిగ్గుతో చచ్చిపోయింది. ప్రభువా, క్షమించు, అనుకుంది. అయినా గుమ్మం వదల్లేదు.

"మందుల షాపతను అయ్యగారు ఎప్పుడయ్యాడే? నాకు గుండె పాడైంది గానీ చెవులు బాగానే ఉన్నాయి. రానీ."

ఆమె గబగబా మంచం దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించింది. "మీకేమన్నా మతి పోయిందా? ఆయన్నేమంటారో తెలుసా?"

"టికెట్టయ్యగారు. తెలుసులే. డ్రైవరుకి ఎవరైనా టికెట్టు కొడతారటే పిచ్చిదానా?"

"మీ వేళాకోళం తగలెయ్య! ఇక్కడ నా గుండె జారిపోతోంటే..."

"పాడైంది నాదైతే జారిపోయేది నీదా?" డ్రైవరు నవ్వి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "చూడు. డాక్టర్లు చేతులెత్తేశాకే కదా అందరూ ఆయన్ని పిలిచేది? పోయేవాళ్ళ దగ్గరికి ఆయన వస్తున్నాడు గానీ, ఆయన వచ్చాడని ఎవరూ పోవట్లేదు. ఇంత ప్రార్థనపరురాలివి, ప్రార్థనకి భయపడతావేంటే?"

"మరి మనం పిలవలేదుగా!" అందామె. "పిలవకుండా ఎందుకొచ్చారు? డాక్టరు ఆయనకేదో చెప్పుంటాడు. మనకి చెప్పలేక."

డ్రైవరు నవ్వు ఆగిపోయింది. ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచీ మొగుడు భయపడటం ఆమె చూడలేదు. ఇప్పుడు చూసింది.

వెనక్కి తిరిగేసరికి పాస్టరు లోపలికి వచ్చేశాడు. ఎదురు మంచం మీది మనిషి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. పాస్టరు తిన్నగా వచ్చి, ఎవరూ కూర్చోమనకుండానే స్టూలు మీద కూర్చుని, డ్రైవరు వైపు చెయ్యి చాచాడు.

"వద్దు!" ఆమె ఆ చేతిని మధ్యలోనే పట్టేసుకుంది. "ముందు నిజం చెప్పండి. డాక్టరు మీకేమన్నా చెప్పాడా?"

పాస్టరు తల వంచుకున్నాడు. "చెప్పాడమ్మా. ఇందాకే."

ఆమె రెండో చేత్తో మంచం కమ్మీ పట్టుకుంది. డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు.

"చెప్పండి అయ్యగారూ," అంది ఏడుస్తూనే. "ఏదైనా వింటాను. ఏం విన్నా నా దేవుణ్ణి మాత్రం వదలను. రేపటి గురించేనా?"

"రేపటి గురించే." అప్పుడు తెలిసింది ఆమెకి, తన చేతిలో ఉన్న ఆ ముసలి చెయ్యి గడగడా వణుకుతోందని. "మీ ఆయన తర్వాత ఆ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సింది నేనేనన్నాడమ్మా. చచ్చేంత భయంగా ఉంది... నాకోసం కాస్త ప్రార్థన చేస్తావా తల్లీ?"