రెండు కవర్లు

"రెండు కవర్లియ్యి బిడ్డా."

మట్టెవాడ కిరాణా దుకాణంలో కౌంటర్ దగ్గరున్న సుమేరాకు ఒళ్లు మండింది. పోశయ్య రోజూ పొద్దున్నే వస్తాడు. కొనేది చిన్న చాయ్‌పత్తి ప్యాకెట్, అడిగేది రెండు కవర్లు.

"ఇయ్యాల్టి సంది కవర్లు బంద్ కాకా," అంది, గోడకు తనే రాసి అంటించిన కాగితం చూపిస్తూ. "కవర్లతోనే మోరీలన్నీ జామైతున్నయి."

"గది నాకెర్కే బిడ్డా," అన్నాడు పోశయ్య. కదలకుండా అక్కడే నిలబడ్డాడు. "పాతయైనా సరే. చిరిగినయి కాకుంటె సాలు."

ఆ మాటకు ఆమె కొంచెం మెత్తబడింది. పెద్ద బేరాలకు మాత్రమే ఇమ్మని సేటు చెప్పిన తెల్లటి బట్ట సంచి ఒకటి తీసి, ప్యాకెట్ అందులో వేసిచ్చింది. "దీనికి పైసలొద్దు, పట్కపో."

"ఒక్కటేనా?"

"చాయ్‌పత్తికి ఎన్ని సంచులు గావాలె కాకా?"

పోశయ్య సంచి తీసుకుని వెళ్లిపోయాడు. మనిషికి మరీ ఇంత ఆశ పనికిరాదనుకుంది సుమేరా.

ఎండెక్కే వేళకు దుకాణం ముందు మోరీ పొంగి, మురుగునీళ్లు మెట్టు దాకా వచ్చాయి. మోరీ తీసే మనిషి వచ్చాడని ఎవరో అంటే బయటికి చూసింది.

పోశయ్య మోరీ గట్టున మోకాళ్ల మీద కూర్చుని, చేతులు ముంచి చెత్త తోడుతున్నాడు. కుడి చేతికి ఆమె ఇచ్చిన బట్ట సంచి తొడిగి, మణికట్టు దగ్గర సుతిలి తాడుతో కట్టుకున్నాడు. అది నల్లగా తడిసి కారుతోంది.

ఎడమ చేతికి ఏమీ లేదు.