చెంపదెబ్బకు బాణీ

తెర మీద మొగుడు పెళ్లాం చెంప ఛెళ్లుమనిపించాడు. సరిగ్గా ఆ క్షణానికే సంగీతం మాస్టారు కీబోర్డు మీద సన్నాయిని 'కుయ్యి' మనిపించాడు. సినిమా డైరెక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అదీ మాస్టారూ! హాలంతా గొల్లుమంటుంది."

"ఏమ్మా, నీకు నవ్వు రాలేదా?" అన్నాడు మాస్టారు, మిక్సింగ్ బల్ల దగ్గర కూర్చున్న కూతురితో.

"సన్నాయి ఉంటే వస్తుంది నాన్నా. తీసేసి చూద్దామా?"

జవాబు కోసం ఆగకుండా ఆమె సన్నాయిని ఆపేసి, సీను మళ్లీ వేసింది. ఈసారి గదిలో దెబ్బ ఒక్కటే వినిపించింది. ఆ వెంటనే పెళ్లాం ఊపిరి బిగబట్టిన చప్పుడు. డైరెక్టరు నవ్వు సగంలో ఆగిపోయింది.

"బంగారంలాంటి కామెడీని ఏడుపు చేశావు కదే!" సన్నాయి మీటను తనే పైకి తోద్దామని మాస్టారు విసురుగా చెయ్యెత్తాడు.

కూతురు చటుక్కున తల తిప్పేసి, చెంపకు మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. అచ్చం ఇంట్లో వాళ్లమ్మ పెట్టుకునేట్టే.

మాస్టారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. డైరెక్టరు తెర వైపు చూడటం లేదు.

"ఇంక మ్యూజిక్ వద్దులెండి మాస్టారూ," అన్నాడు మెల్లగా.